పదకొండు రోజుల హాజరు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నేను కోప్పడాల్సిన చోట కోప్పడలేదు, నోరు తెరవాల్సిన చోట తెరవలేదు. తెరిచిన ఒక్కసారీ తెరవకూడని మాటకి తెరిచాను.

గుంటూరు నుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే మా బడి ఉన్న ఊరు వస్తుంది. రోడ్డుకి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ నేను సోషల్ చెప్పేదాన్ని, తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి క్లాసు టీచర్ని కూడా. ఈ సంగతి జరిగి పన్నెండేళ్లయింది.

ఆ ఏడు హెడ్మాస్టరుగారు శనివారం ఆఖరి పీరియడు తెచ్చి నా నెత్తిన పెట్టారు. విలువల పీరియడు. లెక్కల మాస్టారు వద్దన్నారు, ఇంగ్లీషు టీచరు వద్దంది, డ్రిల్లు మాస్టారైతే వినకుండానే గ్రౌండులోకి పారిపోయారు. "మీ నాన్నగారు చర్చిలో ఉపదేశి కదమ్మా, నీతులు మీకు పుట్టుకతోనే వచ్చుంటాయి" అని నవ్వారు హెడ్మాస్టరుగారు. నాకు ఒళ్లు మండింది గానీ టైంటేబులు కాగితం తీసుకుని వచ్చేశాను.

పైనుంచి ఒక పుస్తకం వచ్చింది. అందులో నక్కలు, మునులు, దానం చేసే రాజులు. రెండు శనివారాలు చదివి వినిపించాను. వెనక బెంచీ వాళ్లు ఆవలించి ఆవలించి నాకే నిద్ర తెప్పించారు. మూడో శనివారం పుస్తకం మూసి బీరువాలో పడేశాను.

మా నాన్న పనిచేసిన చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పుకునేవాళ్లు. చాపల మీద కూర్చున్న వాళ్లలోంచి ఎవరో ఒకరు లేచి, దేవుడు తమకి చేసిన మేలో, తాము చేసిన తప్పో పదిమందిలో చెప్పి కూర్చునేవాళ్లు. పక్కవాడి చేలో పత్తి తీసి తన మూటలో వేసుకున్నానని ఒకాయన ఏడుస్తూ చెప్పడం చిన్నప్పుడు నేను చూశాను. ఆ పక్కవాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. మా నాన్న పెట్టిన షరతు ఒక్కటే. ఒప్పుకున్నవాణ్ణి గుమ్మం దాటాక ఎవరూ ఆ మాట ఎత్తి అనకూడదు. అన్నవాడు మళ్లీ వారం చర్చిలోకి రాకూడదు.

ఆ పద్ధతినే నేను బడిలోకి తెచ్చాను. అన్ని మతాల పిల్లలూ ఉంటారు కాబట్టి సాక్ష్యం అనే మాట వాడలేదు. "ఈ వారం మీరు చేసిన తప్పు ఒకటి లేచి చెప్పండి. నిజం చెబితే శిక్ష లేదు. నేను కొట్టను, తిట్టను, ఇంట్లో చెప్పను" అన్నాను. మొదటి వారం ఎవడూ లేవలేదు. నా కోపం ఊరంతా తెలిసిందే కదా, ఎవడు నమ్ముతాడు? రెండో వారం ఒకడు లేచి, కుళాయి తిప్పు విరగ్గొట్టింది తనేనని చెప్పాడు. నిజానికి ఆ కుళాయి కోసం నేను అంతకు ముందు వారం ముగ్గుర్ని మోకాళ్ల మీద నిలబెట్టాను. పళ్లు బిగబట్టి "మంచిది, కూర్చో" అన్నాను. దాంతో గేటు తెరిచినట్టయింది. జామకాయల దొంగతనాలు, పరీక్షలో చూసి రాయడాలు, నాన్న జేబులోంచి బీడీ తీసి కాల్చడాలు, అన్నీ బయటికొచ్చాయి. ఒకడు లేచి, "మేడం, మేమందరం మిమ్మల్ని తేజా కాయ అంటామండి" అన్నాడు. తేజా అంటే మా వైపు పండే మిరప రకాల్లో మహా ఘాటైనది. నాకు నవ్వాగలేదు. ఆ రోజు ఇంటికెళ్లే దాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

నేనిచ్చిన మాట ఒక చార్టు మీద రాయించి గోడకి తగిలించాను. "నిజం చెబితే శిక్ష లేదు." రాసింది మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. బక్కపల్చగా, నూనె రాసి గట్టిగా వేసిన రెండు జడలతో ఉండేది. మాట తక్కువ. అక్షరాలు మాత్రం ముత్యాలు పేర్చినట్టు రాసేది. తండ్రి లేడు. తల్లి కూలికి వెళ్తుంది. ఆ తల్లి ఒక్కర్తే రెండు చేతులతో ఎంతని లాగుతుంది? జనవరి వచ్చి మిరప కోతలు మొదలైతే పిల్ల కూడా చీర కట్టుకున్న ఆడవాళ్లతో పాటు పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, మొహానికి గుడ్డ చుట్టుకుని పొద్దున్నే ఆటో ఎక్కేది.

ఆ పిల్ల మొదటిసారి లేచి చెప్పిన నిజం కూడా అదే. "మేడం, నిన్న, మొన్న నాకు కడుపునొప్పి కాదండి. కాయ కోతకెళ్లానండి." చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. దగ్గరికి పిలిచి చూశాను. వేళ్ల కొసలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మిరపకాయ కోసినవాళ్ల చేతుల మంట సబ్బుకి పోదు, మజ్జిగలో ముంచితే కాసేపు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. కళ్లు నలుపుకోకూడదు, మొహం తుడుచుకోకూడదు. ఆ చేత్తో పెన్ను పట్టుకుని ఆ పిల్ల నోట్సు రాసేది.

నేను ఆ రెండు రోజులకీ రిజిస్టర్లో హాజరు వేశాను. తర్వాత రోజులకీ వేశాను. వరసగా రాకపోతే పేరు కొట్టేయాలి. మా వైపు ఆడపిల్ల పేరు ఒకసారి రిజిస్టర్లోంచి పోయిందంటే మళ్లీ ఎక్కడం కల్ల. పైగా ఇంకో సంగతి కూడా ఉంది, అది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. హాజరులో మా సెక్షను బడి మొత్తానికి మొదట ఉండేది. మండలం మీటింగులో నన్ను లేపి చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి.

ఒకరోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి, రిజిస్టరు వైపు చూస్తూ మెల్లగా అడిగింది. "మేడం, నేను రాని రోజులకి వచ్చినట్టు వేస్తే అది అబద్ధం కాదాండి?"

"అబద్ధం కాదమ్మా. అది సాయం" అన్నాను.

తలూపింది. నేను చెప్పానంటే ఆ పిల్లకి అది వేదవాక్కు.

ఫిబ్రవరిలో ఒక శనివారం తనిఖీకి ఆఫీసరు వచ్చారు. సరిగ్గా నా పీరియడులోనే, హెడ్మాస్టరుగారిని వెంటబెట్టుకుని క్లాసులోకి అడుగుపెట్టారు. ఆయన చెడ్డవారేమీ కాదు. నెమ్మదైన మనిషి, పిల్లల్ని చూసి నవ్వే మనిషి. గోడమీది చార్టు దగ్గర ఆగి పైకి చదివారు.

"ఎవరు రాశారమ్మా ఇది? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే!"

పిల్ల లేచి నిలబడింది. ఆయన ముచ్చటపడిపోయారు. "నిజం చెబితే శిక్ష లేదా? అయితే నువ్వొక నిజం చెప్పు, వింటాను" అన్నారు.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. తప్పు చెప్పాలంటే తనకేం తప్పులున్నాయి గనక? దొంగతనం ఎరగదు, దెబ్బలాట ఎరగదు. బడి ఎగ్గొట్టడం ఒక్కటే ఆ పిల్లకి తెలిసిన తప్పు.

"సార్, నేను జనవరి నెలలో పదకొండు రోజులు బడికి రాలేదండి. కాయ కోతకెళ్లానండి" అంది. చెప్పి నావైపు చూసింది. నేను ఎప్పటిలాగే "మంచిది, కూర్చో" అంటానని చూసింది.

ఆఫీసరుగారు "శభాష్" అన్నారు. అంటూనే బల్లమీదున్న రిజిస్టరు తీసుకుని తిప్పారు. ఆయన అనుమానంతో తీశారని కూడా అనుకోను. చేతికి అందింది, తీశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే రిజిస్టరు మీదికి వెళ్లి వెనక్కొచ్చింది. ఆయన వేలు జనవరి పేజీలో ఆ పిల్ల పేరు దగ్గర మొదలై ఆ వరస చివరిదాకా జరిగింది.

"ఇందులో నెలంతా హాజరే ఉందేమిటమ్మా?" అని నన్నడిగారు.

హెడ్మాస్టరుగారి మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది. సస్పెన్షను, మెమో, పేపర్లో వార్త, నా చప్పట్లు, మా నాన్న పేరు, అన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగాయి. నలభై మంది పిల్లలు నావైపే చూస్తున్నారు. వాళ్లందరికీ నిజం తెలుసు. రోజూ ఆ మూడో బెంచీలో ఖాళీ చూసినవాళ్లే.

"అబద్ధం చెబుతోందండి" అన్నాను. అక్కడితో ఆగినా కొంత నయం. "మీరు మెచ్చుకుంటారని అలా చెప్పింది. ఆ పిల్లకి కొంచెం అలవాటు" అని కూడా అన్నాను. ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. అంత సులువుగా, అంత నున్నగా వచ్చింది.

వెనక బెంచీలోంచి ఎవడో "కాదు సార్..." అనబోయాడు. పక్కవాడు చొక్కా పట్టి లాగాడు.

ఆఫీసరుగారు పిల్లవైపు తిరిగారు. "ఏమ్మా, అబద్ధమా?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. రెండు క్షణాలకన్నా ఎక్కువ ఉండదు. అందులో కోపం లేదు, ఆశ్చర్యం కూడా తొందరగానే పోయింది. లెక్క చెయ్యడానికి బోర్డు వైపు చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది. చూసి అర్థం చేసుకుంది.

"అవునండి. అబద్ధం చెప్పానండి" అంది.

పద్నాలుగేళ్ల పిల్ల నా ఉద్యోగాన్ని తన నోటితో కాపాడింది. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ మేసిన కంచెని చేనే కాపాడింది.

"చార్టు రాసినదానివే ఇలా అయితే ఎలాగమ్మా?" అని ఆఫీసరుగారు నొచ్చుకున్నారు. కోప్పడలేదు. "నేను అబద్ధం చెప్పను" అని వందసార్లు రాసి సోమవారం మేడం చేత సంతకం పెట్టించుకోమన్నారు. బయటికి వెళ్తూ నాతో, "మీ ప్రయత్నం మంచిదేనమ్మా, పిల్లలకి ఇంకా అర్థం కావాలి" అన్నారు. నేను నమస్కారం పెట్టాను.

ఆయన వెళ్లాక ఇంకా పది నిమిషాల పీరియడు ఉంది. ఆ పది నిమిషాల్లో చెప్పి ఉండొచ్చు. ఆఫీసరు ముందు చెప్పలేకపోయినా నా పిల్లల ముందు చెప్పి ఉండొచ్చు. అమ్మా, అబద్ధం చెప్పింది నేను, నువ్వు కాదు. అంతే. ఎంత మాటని? నేను మాత్రం "గొడవ చెయ్యకుండా చదువుకోండి" అన్నాను. ఒక్కడు కూడా గొడవ చెయ్యడం లేదు.

సోమవారం కాగితాలు తెచ్చింది. మొదటి రెండు పేజీలు ముత్యాలే. తర్వాత అక్షరాలు వంకరపోయాయి, అక్కడక్కడా సిరా అలుక్కుపోయి ఉంది.

"ఇదేమిటే, తడిసింది?" అన్నాను.

"నిన్న కోతకెళ్లానండి. మండుతుంటే చెంబులో వేళ్లు ముంచుకుంటా రాశానండి."

ఎర్రసిరాతో సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను. రెండు చేతులతో తీసుకుని వెళ్లి తన చోట కూర్చుంది. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో హెడ్మాస్టరుగారు "బతికిపోయాం తల్లీ" అని నాకు టీ తెప్పించారు. తాగాను.

మరునాడు తల్లి వచ్చింది. కోతకి వెళ్తూ దారిలో ఆగినట్టుంది, చీరమీద మగవాళ్ల చొక్కా, తలకి గుడ్డ. బడి మెట్ల దగ్గరే నిలబడింది, పైకి రమ్మన్నా రాలేదు.

"మా పిల్ల మీ పరువు తీసిందంటగా పంతులమ్మగారూ. పెద్ద సారు ముందు అబద్ధమాడిందంట. ఇంట్లో నాలుగు తగిలించాను. ఇంకెప్పుడూ ఆడదు. తండ్రి లేని పిల్ల, మీరే చమించాలి" అంది.

నా ముందు నిలబడి తప్పు చెయ్యని పిల్ల తల్లి క్షమించమని అడుగుతోంది. అది రెండో అవకాశం. అక్కడ మేమిద్దరమే ఉన్నాం, ఆఫీసరు లేడు, హెడ్మాస్టరు లేడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పర్వాలేదు లెండి. చిన్నపిల్ల." ఆమె రెండు చేతులూ జోడించి ఆటో కేసి పరిగెత్తింది. ఆ తల్లి కొట్టిన దెబ్బలు నేను కొట్టినవే. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా అవి నావే.

ఆ వచ్చిన శనివారం ఎప్పటిలాగే అడిగాను. "ఎవరు లేస్తారు?" ఎవరూ లేవలేదు. చాలాసేపటికి, నన్ను తేజా కాయ అన్నవాడే లేచి, "ఈ వారం మేమెవరం ఏ తప్పూ చెయ్యలేదండి" అని కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. బీరువాలోంచి పుస్తకం తీసి నక్క కథ చదివాను. అంత శ్రద్ధగా ఆ క్లాసు ఎప్పుడూ వినలేదు. చార్టు ఎప్పుడు పోయిందో గుర్తులేదు, వేసవి సెలవులయ్యాక వచ్చి చూస్తే గోడకి మేకు మాత్రం ఉంది.

ఆ ఏడాది మిగిలిన రోజుల్లో ఆ పిల్ల నాతో మామూలుగానే ఉంది. నమస్తే పెట్టేది, అడిగితే జవాబు చెప్పేది. లేచి తనంతట తాను చెప్పడం మాత్రం మానేసింది. పదో తరగతికి రాలేదు. రెండుసార్లు కబురు పంపాను. పిల్లల చేత పంపాను గానీ నేను వెళ్లలేదు. వెళ్తే ఆ ఇంట్లో కూర్చుని ఆ మాట చెప్పాల్సి వస్తుందని నాకు తెలుసు. ఆ ఏడు పదికి క్లాసు టీచర్ని కూడా నేనే, ఆగస్టులో రూలు ప్రకారం పేరు కొట్టేయాల్సి వచ్చింది. ఏ పేరు పోకూడదని పదకొండు రోజులు దొంగ హాజరు వేశానో, ఆ పేరుమీద స్కేలు పెట్టి నేనే గీత గీశాను.

ఆ తర్వాత చర్చిలో ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను. ఆపరేషను క్షేమంగా అయిందని చెప్పాను. మా ఆయన పోయినప్పుడు దేవుడిచ్చిన ఓదార్పు గురించి చెప్పాను. ఒకసారి లేచి నిలబడి, ఈ మాటే చెబుదామని, "నేను బడిలో పనిచేసేటప్పుడు..." అని మొదలుపెట్టాను. నాలుగు మొహాలు నావైపు తిరిగాయి. "దేవుడు నన్ను ఎంతగానో వాడుకున్నాడు" అని ముగించాను. అందరూ స్తోత్రం అన్నారు. మా నాన్న బతికుంటే నన్ను మళ్లీ వారం రానిచ్చేవాడు కాదు.

రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, నిజాయితీకి మారుపేరని మైకులో చెప్పారు. దండ మెళ్లో ఉంచుకుని నవ్వుతూ కూర్చున్నాను. అప్పటికి ఆ సంగతి తెలిసిన మాస్టార్లందరూ బదిలీ అయిపోయారు. అయినా వెనక వరసలో ఎవరైనా "కాదు సార్" అంటారేమోనని భోజనాలయ్యేదాకా బెదురుగానే ఉంది.

పోయిన మార్చిలో ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుందామని మిరపకాయలు కొనడానికి వెళ్లాను. గుంటూరు బైపాసు దాటాక కోల్డు స్టోరేజీల వెనక రేకుల షెడ్లు ఉంటాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయల తొడిమలు తీస్తుంటారు. గుమ్మంలో అడుగుపెట్టానో లేదో తుమ్ములు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. తీసిన కాయలు గోతాల్లోకి ఎత్తి కుట్టి ఒక పక్కన నిలబెట్టారు. గోతాల మీద బ్రష్షుతో నల్లరంగు ముంచి రైతు ఊరు, కాయ రకం రాసి ఉన్నాయి.

ఆ అక్షరాలు చూశాను. గోనెపట్టా మీద, రంగు కారుతున్నా, ముత్యాలే.

"ఎవరు రాశారు ఇవి?" అని గుమాస్తాని అడిగాను.

"అదుగో, ఆ మూలనున్న అమ్మాయి. బాగా రాస్తది కదండీ! చదువుకునుంటే ఎక్కడో ఉండేది" అన్నాడు.

మొహానికి చుట్టిన గుడ్డ కిందికి లాగి నన్ను చూసింది. గుర్తుపట్టి చటుక్కున లేచింది. "మేడం!" అని కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, లేకపోతే ఒక ఖాళీ గోతం మడిచి వేసి కూర్చోమంది. మనిషి కొంచెం ఒళ్లు చేసింది, చూపు మాత్రం అదే. పక్కన ఆరేళ్ల పిల్ల. అప్పటి తల్లి లాగే బక్కపల్చగా, రెండు జడలతో, చిన్న చిన్న వేళ్లతో తొడిమలు తీస్తోంది.

మా ఆయన సంగతి అడిగింది. తన తల్లి పోయిందని చెప్పింది. నేను సగం వింటున్నాను. పన్నెండేళ్లు దాచిన మాట నాలుక మీదికొచ్చి కూర్చుంది. ఇంకెప్పుడు? రేపు దేవుడు పిలిస్తే ఏమని వెళ్తాను?

"ఆ రోజు ఆఫీసరు ముందు నేను... నువ్వు నిజం చెబితే నేను..." అన్నాను. షెడ్డు ఘాటుకి అందరి కళ్లూ కారుతున్నాయి కాబట్టి నా ఏడుపు ఎవరికీ తెలియలేదు.

"అయ్యో, అవన్నీ ఇప్పుడెందుకు లెండి మేడం" అని ఆ పిల్లే నన్ను ఊరుకోబెట్టింది. "నేనే తెలివితక్కువగా అందరి ముందు అనేశాను. మీ ఉద్యోగం నిలబడింది, అంతే చాలండి."

నన్ను క్షమించడం కూడా కాదు అది. క్షమించడానికి అక్కడ తప్పేమీ లేదని ఆ పిల్ల ఉద్దేశం. తప్పు తనదేనని పన్నెండేళ్లుగా నమ్ముతోంది. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే గుమాస్తా కేకలు వేసుకుంటూ వచ్చాడు. ఏరి పోసిన కాయల కుప్పని ఎవరో తొక్కేశారు. "ఎవరే తొక్కింది? నువ్వేనా?" అని చిన్నపిల్లని గద్దించాడు. పిల్ల అరికాళ్లు ఎర్రగా ఉన్నాయి, నాకు కనబడుతూనే ఉన్నాయి. ఆ పిల్ల మొదట తల్లి మొహంలోకి చూసింది. తల్లి తల కొంచెం, కనీ కనపడకుండా అడ్డంగా ఆడించింది.

"నేను కాదండి" అంది పిల్ల.

గుమాస్తా ఇంకొకర్ని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. తల్లి పిల్ల కాళ్లు తన కొంగుతో తుడిచి, నావైపు తిరిగి నవ్వింది.

"నేనే నేర్పాను మేడం. ఏదన్నా చెప్పే ముందు ఎదుటివాళ్ల మొహం చూడాలి, చూసి చెప్పాలి అని. మీ క్లాసులో నేర్చుకున్నదేగా. నాకు ఎక్కడైనా అదే పనికొచ్చిందండి."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచి ఉంటే ఆ మాట పట్టుకుని నేను బతికేదాన్ని. నిజంగా కృతజ్ఞతతో అంది. ముప్పై ఏళ్లలో నేను వేలమందికి పాఠాలు చెప్పాను. అడవుల రకాలు, నదుల పేర్లు, రాజుల వరసలు, ఎవరికేం గుర్తున్నాయో తెలీదు. ఒక్కదానికి మాత్రం ఒక్క పాఠం పూర్తిగా వంటబట్టింది. దాన్ని తన బిడ్డకి కూడా నేర్పింది.

లేచి వచ్చేద్దామనుకున్నాను. కాయలు కొనాలన్న సంగతే మర్చిపోయాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని పిల్ల తల నిమిరి, "ఏమ్మా, బడికి వెళ్తున్నావా?" అని అడిగాను.

ఆ పిల్ల తల ఎత్తి నా మొహంలోకి చూసింది. నాకేం కావాలో వెతుక్కుంది.

"రోజూ వెళ్తున్నానండి" అంది.

అది బుధవారం. పొద్దున పదకొండు గంటలు.

"మంచి పిల్లవి" అన్నాను.